మోటారు గదిలో మూడు దినాలు

"రేపటినుంచి నేను బయట," అంది ప్రమోద, సంగటి కెలికిన కట్టెను కుండ అంచుకు తట్టి.

వంటింటి గడప దగ్గర వక్కలు కత్తిరిస్తున్న అత్తగారు లక్ష్మీదేవమ్మ చేతిలో అడకత్తెర ఆగింది. పడసాలలో ఫోను చూసుకుంటున్న దేవరాజ్ తలెత్తి భార్య వైపు చూశాడు.

"ఇప్పుడా?"

ఆ ఒక్క మాటలోని విసుగు ఎలాంటిదంటే, ఆమె ఏదో జాతరకు బయల్దేరినట్టూ, వచ్చే వారం పోతే ఏం పోయిందన్నట్టూ ఉంది.

"ఇప్పుడే."

"ఈ తూరి కొంచెం చూసుకోరాదా? కెంపమ్మ కూడా వచ్చేట్టు లేదు. పట్టుపురుగులు రేపు మేత మాని జ్వరానికి పడుకుంటాయి. లేచినంక మేత ఎవరేస్తారు?"

"నా చేతిలో ఉండాదా అప్పా అది?"

అనేసి నాలుక కరుచుకుంది ప్రమోద. ఎందుకంటే అది ఆమె చేతిలోనే ఉంది. ఏడాదిగా ఆమె చేతిలోనే ఉంది. ఆ సంగతి ఈ భూమ్మీద ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

సోమేనహళ్ళిలో ఆ వారం మిగతా సంగతులేవీ ఎవరి చేతుల్లోనూ లేవు. ఉగాది ముందటి రాత్రి, దేశమంతా మూసేస్తున్నామని టీవీలో చెప్పారు. తెల్లవారేసరికి ఊరి కుర్రాళ్ళు గుడిబండె రోడ్డు మీద తుమ్మకంప లాక్కొచ్చి అడ్డం వేసి, దాని ముందు బండరాళ్ళు దొర్లించారు. పక్క ఊరివాళ్ళూ అదే పని చేశారు. దాంతో రోజూ ఆకు కోయడానికి వచ్చే కెంపమ్మ ఆ కంపకు అవతల ఉండిపోయింది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. తుమకూరులో పనిచేస్తున్న ప్రమోద కొడుకు అనీష్ అక్కడే గదిలో చిక్కుకుపోయి, పొద్దున్నా సాయంత్రమూ ఫోన్ చేసి "మా, మ్యాగీ ఉండాది, భయపడొద్దు" అంటున్నాడు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు భయం ఇంకాస్త పెరుగుతోంది.

అన్నిటికన్నా ముందు బెంగుళూరునుంచి కారు వచ్చింది. అందులో మరిది లోకేశ్, తోడికోడలు స్మిత, వాళ్ళ కూతురు అర్పిత. తలా ఒక ల్యాప్‌టాప్, తలా ఒక బ్యాగు. "రెండు దినాలుండి చూసి పోతాం వదినా," అన్నాడు లోకేశ్. ఆ తర్వాత పోవడానికి రోడ్డు లేకపోయింది.

ఉగాదికి ఒబ్బట్లు తట్టింది ప్రమోద. మర్నాడు వర్షతొడకు. పండగ మరుసటి రోజు మాంసం వండకపోతే ఆ సీమలో పండగ అయినట్టే కాదు. అంగళ్ళు లేవు కాబట్టి పెరట్లో తిరిగే కోళ్ళే కూరయ్యాయి. మసాలా నూరుతూంటే, ముందు గదిలో అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. "ఇట్లా అందరం ఒక్క చోట ఉండి ఎన్నేండ్లాయె అన్నా! కరోనా పుణ్యమా అని ఇల్లు కళకళలాడుతాండాది," అన్నాడు లోకేశ్. నిజమే. ఇల్లు కళకళలాడుతోంది. వదినా కాఫీ. అక్కా వేడినీళ్ళు, పసుపేసి. పెద్దమ్మా చార్జర్ పెట్టేచోటేది. మే ప్రమోదా, నా వక్కల సంచి. ప్రమోదా, నా టవల్. అందరూ సెలవులో ఉన్నారు, అందరి సెలవూ ఆమె చేతుల మీదుగా జరుగుతోంది. పేరు వినపడిన ప్రతిసారీ ఆమె మెడ దానంతటదే తిరుగుతోంది. సాయంత్రానికి మెడ నరం పట్టేసింది.

అప్పుడే ఆమెకు మోటారు గది గుర్తొచ్చింది. పురుగులు జ్వరానికి పడుకునే రోజు ఎప్పుడా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

ఆ ఇంట్లో పట్టుపురుగుల పెంపకం మామ ఆంజనేయప్ప తండ్రి కాలం నాటిది. పెరట్లో పురుగుల ఇల్లు, దాని వెనక మల్బరీ తోట, తోట చివర బోరు, బోరు పక్కన మోటారు గది. పురుగు సుకుమారమైన జీవి. పురుగుల ఇంట్లోకి పోవాలంటే చెప్పులు విడవాలి, కాళ్ళూ చేతులూ బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి, గడపలో పోసిన సున్నం తొక్కి లోపలికి నడవాలి. పరాయివాళ్ళను రానివ్వకూడదు. లోకమంతా ఆ నెలలో కొత్తగా నేర్చుకున్నదాన్ని ఆ ఇంట్లో పసిపిల్లలు కూడా ఎప్పటినుంచో చేస్తున్నారు. వాటన్నిటికీ మించిన కట్టుబాటు ఇంకొకటుంది. నెల వచ్చిన ఆడది పురుగుల ఇంటి గడప తొక్కకూడదు. వంటింటి ఛాయలకూ రాకూడదు. ఆ మూడు దినాలు మోటారు గదిలో ఉండాలి.

చింతామణిలో పెరిగిన ప్రమోదకు ఇవేవీ తెలియవు. వాళ్ళమ్మ ఇంట్లో ఓ మూల కూర్చోమనేది, అంతే. పెళ్ళై ఇక్కడికొచ్చిన మొదటి ఏడు ఒక పంటకు సున్నం రోగం తగిలింది. పురుగులు సుద్దముక్కల్లా తెల్లగా బిగుసుకుపోయి చచ్చాయి. తట్టలకొద్దీ ఎత్తి గుంతలో పోస్తూ, ఊళ్ళోవాళ్ళు నలుగురూ చూస్తుండగా మామ ఆంజనేయప్ప, "కొత్త కోడలు దినాలు దాచిపెట్టి లోపలికి పోయింటాది. లేకుంటే నా పంటకు రోగం ఎట్లొస్తాది?" అన్నాడు. ఆమె దాచలేదు. కానీ నలుగురు మగవాళ్ళ ముందు నిలబడి, నాకు నెల ఫలానా రోజు వచ్చింది, ఫలానా రోజు స్నానం చేశాను అని ఏ పద్దెనిమిదేళ్ళ పిల్ల చెబుతుంది? దేవరాజ్ అక్కడే ఉన్నాడు. కాలి బొటనవేలితో నేల గీరుతూ నిలబడ్డాడు. తర్వాత చాటుగా, "నాయన మాటలు మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు. ఆయన ఆ రోజే మరిచిపోయాడు. ఆమె మనసులో అది ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.

ఆ తర్వాతి నెల మోటారు గదికి ఏడ్చుకుంటూ వెళ్ళింది. వేరే కంచం, వేరే చెంబు, వేరే చాప. అత్త దూరంనుంచి అన్నం పెట్టి, కుక్కను పిలిచినట్టు గొంతు సవరించుకుని వెళ్ళిపోయేది.

కానీ ఆ గదిలో అప్పటికే ఒకతె కూర్చుని వేరుశనక్కాయలు కాలుస్తోంది. ఆడబిడ్డ వనజాక్షి. అప్పటికి ఆమెకింకా పెళ్ళి కాలేదు. మసి అంటిన చేతులతో మొహం తుడుచుకుని, మీసాలొచ్చినట్టున్న మొహంతో, "ఏడ్చేది అయిపోయినంక చెప్పు వదినా, ఈలోగా నేను కాయలన్నీ తినేస్తా," అంది.

ఆ రోజు మొదలు ఆ గది వేరే గది అయిపోయింది. మోటారు వేస్తే తొట్టిలో నీళ్ళు ధారగా పడేవి. ఇద్దరూ జుట్టు విరబోసుకుని ఆ ధార కింద కూర్చునేవాళ్ళు. ఎవరూ పిలవరు, ఎవరూ రారు. వస్తే మైల అంటుకుంటుంది కదా. పక్క తోట మునియప్ప కోడళ్ళు కూడా వాళ్ళ దినాల్లో గట్టు దాటి వచ్చేవాళ్ళు. చింతకాయ, ఉప్పు, పచ్చిమిరపకాయ రాతి మీద నూరుకుని వేళ్ళు నాకుతూ, ఊళ్ళో ప్రతి మగవాడి నడకనూ నకలు చేసి నవ్వేవాళ్ళు. ఆంజనేయప్ప దగ్గును వనజాక్షి అచ్చంగా దగ్గేది. సొంత కూతురే అలా దగ్గుతుంటే కోడలు నవ్వకుండా ఎలా ఉంటుంది?

అన్నిటికన్నా బాగుండేది కథ. బాగేపల్లి బస్టాండులో దొరికే కన్నడ వారపత్రికను వనజాక్షి అన్న చేత తెప్పించుకుని, ఆ దినాలకని దాచిపెట్టేది. ఆ ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. అందుకని ఆమె కళ్ళు కన్నడంలో చదివేవి, నోరు తెలుగులో చెప్పేది. ఒక డాక్టరును ఎవరో చంపుతారు. బంగళా నిండా మనుషులు, అందరి మీదా అనుమానం. వారం వారం కొత్త రక్తపు మరక. "అప్పుడు తలుపు కిర్రుమంది వదినా," అని వనజాక్షి గొంతు తగ్గించగానే, నిజంగానే మోటారు గది తలుపు గాలికి కిర్రుమనేది, ఇద్దరూ కెవ్వుమని అరిచేవాళ్ళు. ఆఖరి భాగం వచ్చే వారానికి వనజాక్షికి చాకవేలు ఊళ్ళో సంబంధం కుదిరింది. పెళ్ళి పనుల్లో పత్రిక తెమ్మని అడిగేవాళ్ళు లేకపోయారు. డాక్టరును ఎవరు చంపారో ఇప్పటికీ తెలియదు.

వనజాక్షి వెళ్ళిపోయింది. మునియప్ప కోడళ్ళు వేరు కాపురాలు పెట్టుకుని బాత్రూములున్న ఇళ్ళు కట్టుకున్నారు. గదికి వెళ్ళేది ప్రమోద ఒక్కతే అయింది. అయినా ఆ గది ఆమెకు చేదు కాలేదు. చాప మీద వెల్లకిలా పడుకుంటే కిటికీలోంచి గుడిబండె కొండ కనిపిస్తుంది. పొద్దున నల్లగా, మధ్యాహ్నం తెల్లగా, సాయంత్రం బెల్లం రంగులో. పెళ్ళయ్యాక ఆమె ఒక వస్తువును చేతిలో పని లేకుండా చూసిందంటే అది ఆ కొండనే.

పోయిన ఏడు ఉగాదికల్లా ఆమెకు నెల నిలిచిపోయింది. పీడ విరగడైందని ఎవరైనా సంతోషిస్తారు. ఆమె తోటలోకి పోయి ఏడ్చింది. వయసైపోయిందని కాదు, ఇక ఆ గదికి పోవడానికి కారణం లేదని. ఏడ్చి మొహం కడుక్కుని ఇంటికొచ్చి, "రేపటినుంచి నేను బయట," అంది. ఎవరికి అనుమానం వస్తుంది? ఆ తర్వాత ప్రతి పంటకూ అదే మాట. పట్టుపురుగు పెరిగేలోగా నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా పడుకుని కుబుసం విడుస్తుంది. దాన్నే జ్వరం అంటారు. మూడో జ్వరంలో పురుగులు చిన్నవి, ఆకు ఖర్చు తక్కువ, పని తేలిక. అందుకే ఆమె ప్రతి పంటలోనూ తన దినాలను మూడో జ్వరానికి సరిగ్గా పెట్టుకుంది. అబద్ధం ఆడినా ఇంటివాళ్ళ వీలు చూసే ఆడింది.

రేపు మూడో జ్వరం.

ఆకు కోస్తుండగా నడుముకు దోపుకున్న ఫోను మోగింది. చాకవేలునుంచి వనజాక్షి.

"వదినా, ఏం చేస్తాండావు?"

"ఆకు కోస్తాండా. నువ్వు?"

"నేనా? పొద్దున టీ, మల్లా టీ, ఆమీట ఇంగొక టీ. మా ఇంటి నిండా మగోళ్ళే వదినా, ఒగరు గడప దాటరు. బయటికి పోతే పోలీసోళ్ళు కొడతారంట. ఆ పోలీసోళ్ళేదో మా ఇంట్లోకే వచ్చి కొడితే బాగుండు అనిపిస్తాండాది నాకు."

ప్రమోద కొడవలి కింద పడేసి నవ్వింది. ఎన్నాళ్ళైందో అలా నవ్వి.

"మన మోటారు గది ఉండాదా?" అంది వనజాక్షి ఉన్నట్టుండి.

"ఉండాది. ఎదురుగానే ఉండాది. రేకు తుప్పు పట్టింది, అంతే."

"నాకు ఈడ బాత్రూము తలుపు తప్ప వేసుకునేకి ఇంగో తలుపు లేదు వదినా." అంతలోనే గొంతు మార్చింది. "అవునూ, ఆ డాక్టర్ను చంపిందెవరంటావు?"

"వంటామె."

"నీ తలకాయ. తమ్ముడే."

"కాదు, వంటామే. కథ మొదలైనప్పటినుంచి ఆమెను ఒక్కరన్నా కూర్చోమన్నారా, చెప్పు?"

అవతల వనజాక్షి నవ్వు మొదలై, మధ్యలో ఎవరో "టీ" అని పిలిస్తే ఆగిపోయింది.

సాయంత్రం పంచాయతీ పెట్టింది అర్పిత. బెంగుళూరులో కాలేజీ చదువుతున్న పిల్ల, మంచి పిల్ల. ప్రమోద సర్దుకుంటున్న చాపను చేతిలోంచి లాగేసుకుంది.

"పెద్దమ్మా, నువ్వు ఆ షెడ్డులో ఒక్కదానివే పడుకునేది నాకు చాలా బాధగా ఉండాది. ఇది అంటరానితనం. మన బాడీలో జరిగేదానికి మనల్ని ఇంట్లోంచి బయట పెట్టేదేంది? పెదనాన్నా, నువ్వన్నా చెప్పు."

పోయిన దసరాకు ఇదే పిల్ల ఇదే మాట అంటే, "బెంగుళూరు మాటలు బెంగుళూరులో చెప్పుకో పాపా, ఈడ పురుగులుండేది," అని దేవరాజ్ కసిరాడు. ఇప్పుడు గడ్డం నిమురుకున్నాడు. లోకేశ్ వైపు చూశాడు. వంటింట్లో తోమకుండా ఉన్న గిన్నెల వైపు చూశాడు.

"పాప చెప్పేది కరెక్టే," అన్నాడు.

లక్ష్మీదేవమ్మ అడకత్తెర మళ్ళీ ఆగింది.

"కాలం మారింది. ఎంతకాలమని ఈ మూఢనమ్మకాలు? ఇంగ మన ఇంట్లో ఇవన్నీ లేవు," అన్నాడు దేవరాజ్.

"నేను ఎప్పటినుంచో చెప్తాండా అన్నా," అన్నాడు లోకేశ్. ఎప్పుడూ చెప్పలేదు.

"మా అపార్టుమెంటులో ఎవరూ పాటించరక్కా," అంది స్మిత. ఆ మాటలో ఊరట దాగలేదు. ప్రమోద బయట కూర్చుంటే పొయ్యి ఎవరి నెత్తిన పడుతుందో స్మితకు మధ్యాహ్నంనుంచీ తెలుసు.

"పురుగులకు?" అంది ప్రమోద మెల్లగా. "లోపలికి పోతే పురుగులకు ఏమీ కాదా?"

"పురుగులకేం తెలుస్తాది!" అన్నాడు దేవరాజ్ నవ్వుతూ.

అర్పిత ఆమెను వాటేసుకుంది. "ఇంక నువ్వు ఫ్రీ పెద్దమ్మా!"

ఫ్రీ అయిన ప్రమోద లోపలికి పోయి సాంబారుకు ఉల్లిపాయలు తరిగింది. కళ్ళు మండుతున్నా తుడుచుకోలేదు. పురుగులకేం తెలుస్తాది. ఎంత చిన్న మాట. ఈ మాట పాతికేళ్ళ కిందట, ఆ సున్నం రోగపు తట్టల ముందు, నలుగురి ఎదుట ఈ మనిషి నోట వచ్చి ఉంటే? అప్పుడు ఆ మాటకు ఎంత బరువుండేదో. ఆ రోజు కాలి బొటనవేలితో నేల గీరిన మనిషికి ఈ రోజు ఇంత జ్ఞానం ఎక్కడినుంచి వచ్చింది? కెంపమ్మ రాకపోవడంవల్ల వచ్చింది. గిన్నెలు మిగిలిపోవడంవల్ల వచ్చింది. తన ఒంటికి మైల అంటించిందీ వీళ్ళే, ఇప్పుడు కడిగేసిందీ వీళ్ళే, రెండుసార్లూ తనను అడిగినవాళ్ళు లేరు. పోనీ, నాకు ఆచారం ముఖ్యం, నేను పోతాను అందామా? ఆ పిల్ల కళ్ళల్లో తను బుద్ధిలేని పల్లెటూరి ముసలిదవుతుంది. నిజం చెబుదామా? చెబితే ఆ గదే పోతుంది. ఉల్లిపాయలు అయిపోయాయి. వంకాయలు తీసుకుంది. ఆ నీళ్ళ ధార, ఆ కాలిన కాయల వాసన, మసి మీసాల వనజాక్షి, అన్నీ ఒక్కసారిగా చాలా దూరం జరిగిపోయినట్టు అనిపించింది. నిన్నటిదాకా అవి తోట చివర్లోనే ఉండేవి.

మర్నాడు పొద్దున పురుగులు జ్వరానికి పడుకున్నాయి. ఎప్పుడూ వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు నమిలే ఇల్లు, మాట పోయినట్టు నిశ్శబ్దంగా ఉంది. ప్రమోద మూతికి గుడ్డ కట్టుకుని తట్టల మీద సున్నపు పొడి చల్లుతోంది. లక్ష్మీదేవమ్మ కాళ్ళు కడుక్కుని, సున్నం తొక్కి లోపలికొచ్చింది. ఈ మధ్య ఆమె లోపలికి రావడమే తక్కువ. మూతికి కొంగు కట్టుకుని, గుప్పెడు సున్నం తీసుకుని అవతలి వరుసలో చల్లడం మొదలుపెట్టింది.

"మే ప్రమోదా, ఒక మాట అడుగుతా. నీకు దినాలు నిలిచిపోయి ఎన్నాళ్ళాయె?"

ప్రమోద చేతిలోని సున్నం ఒకే చోట కుప్పగా పడింది.

"అత్తా..."

"నేనేమన్నా చిన్నపిల్లనా? ఆడదాని దినాలంటే ఒగ తూరి పండగకు రావల్ల, ఒగ తూరి పెండ్లికి రావల్ల, వద్దన్నప్పుడే రావల్ల. నీకు మాత్రం పద్ధతిగా, పంట చూసుకొని, మూడో జ్వరానికే వస్తాయా? బస్సుకన్నా ఉండదు అంత టైము."

ప్రమోదకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలాయి. "మరి ఎందుకు అడగలేదు ఇన్నాళ్ళూ?"

"అడిగితే నాకేమొస్తాది?" ముసలామె చేయి ఆపలేదు. "నువ్వు పోయిన మూడు దినాలు పొయ్యి నాది. దేవరాజు వచ్చి 'మా, ఏం చేస్తాండావు?' అని నన్ను అడుగుతాడు. నా చేతి ఉలవచారు రెండు తూర్లు పోయించుకుంటాడు. నువ్వుంటే నన్నెవరడుగుతారు? గడప దగ్గర కూచోని వక్కలు కత్తిరించేదే కదా. ఎన్నని కత్తిరించల్ల?"

ఇన్నేళ్ళూ వంటిల్లు తన నెత్తిన ఉన్న బండరాయి అనుకుంది ప్రమోద. దాన్ని దించుకోవడానికి దొంగతనంగా పారిపోతోంది. అదే వంటిల్లు తన చేతిలోంచి జారిపోయిందని ఇంకొకామె నెలకు మూడు దినాల కోసం కాచుకుని కూర్చుందని ఎప్పుడూ తోచలేదు. తలుపు సందులోంచి పడిన ఎండలో సున్నపు పొడి తేలుతోంది. అవతలి వరుసలో, మూతికి కొంగు కట్టుకున్న ముసలామె, దూరంనుంచి అన్నం పెట్టి గొంతు సవరించుకున్న మనిషే. ఆ మనిషి మీద కోపం పూర్తిగా పోలేదు. కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

"నిన్న వాడు పురుగులకేం తెలుస్తాదంటాంటే నాకు మీ మామ గుర్తొచ్చినాడు," అంది లక్ష్మీదేవమ్మ. "బతికుండింటే దగ్గొచ్చి చచ్చేవాడు."

ఇద్దరూ మూతి గుడ్డల వెనక నవ్వుకున్నారు.

"ఏం చేద్దామంటావత్తా?"

"నేనేం చెప్పను. గది నీది. నోరూ నీదే."

మధ్యాహ్నం భోజనాల వేళకు దేవరాజ్ అరుగు మీద ఫోనులో ఉన్నాడు. అవతల ఆయన చిన్నాన్న కొడుకు రామాంజినప్ప. "మా ఇంట్లో ఆ మైలా గియిలా అంతా తీసేసినాం రామాంజినప్పా. మూడు దినాలు బయట కూచోబెట్టేది, వేరే కంచం పెట్టేది, ఏమీ లేవు ఇంగ. ఎవరో ఒకరు మొదలు పెట్టల్ల కదప్పా. నేనే చెప్పేసినా." గొంతులో గర్వం వీధి చివరిదాకా వినిపిస్తోంది. ఫోను జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. "ప్రమోదా, ముద్ద పెట్టు. ఆకలైతాంది."

ప్రమోద సంగటి కుండా, పప్పు గిన్నే తెచ్చి అందరి మధ్యా పెట్టింది. గరిటె చేతికి తీసుకోలేదు. నిలబడింది.

"నాకు నెల నిలిచిపోయి ఏడాది దాటింది," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. లోకేశ్ ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో "లోకేశ్, వినిపిస్తోందా?" అంటున్నారు. ఆయన దాన్ని మూసేశాడు.

"నిలిచిపోతే... మరి పంట పంటకూ బయట ఉండానంటాంటివే?" అన్నాడు దేవరాజ్.

"అబద్ధం."

"మోటారు గదికి పోతాంటివి కదా?"

"పోతాంటి. అది నిజమే. పడుకుంటాంటి. కొండను చూస్తాంటి. తొట్టిలో కాళ్ళు పెట్టుకొని కూచుంటాంటి."

దేవరాజ్ మొహంలో ఏదో మారింది. గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్కదానివేనా?"

ఆ ప్రశ్న కోసం ఆమె ఎదురు చూడలేదు. పాతికేళ్ళ కాపురం తర్వాత, కోపం రావాల్సిన చోట, ఎందుకో జాలి కలిగింది. పని లేకుండా, మనిషి తోడు లేకుండా, ఆడది ఊరికే కూర్చోవడమనేది ఆ మనిషి ఊహకు అందడం లేదు.

"ఒక్కదాన్నే. ఒక్కదాన్నే ఉండేకే పోయింది."

స్మిత తల వంచుకుని ఉంది. ఆ వంచిన తల కిందినుంచి ప్రమోదను చూసిన చూపులో మాత్రం నింద లేదు. ఊరికి కొత్తగా వచ్చిన బస్సును చూసి, ఇదెక్కడిదాకా పోతుందో అనుకుంటున్నట్టు చూసింది.

అర్పిత కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది. "అంటే పెద్దమ్మా, నీకు ఆ ఆచారం ఇష్టమా?"

"దూరంనుంచి పెట్టే కంచం ఎవరికిష్టం పాపా? నువ్వు చెప్పిందాంట్లో తప్పు లేదు. మీ పెదనాన్న అది నిన్ననే ఎందుకు ఒప్పుకున్నాడో ఒక తూరి ఆలోచన చేయి." ఆమె చాప తీసి చంకలో పెట్టుకుంది. ఫోనూ, చార్జరూ, ఉతికిన చీర ఒకటి సంచిలో వేసుకుంది. "సున్నం చల్లినాము. రేపు పురుగులు లేస్తాయి. లేత ఆకు, సన్నగా కోసి వేయండి. కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ లోపలికి పోవద్దు. తెలియకపోతే అత్తను అడగండి. పొయ్యి కూడా అత్తదే. ఆమె ఏం చెప్తే అది చేయండి."

"లోకేశా," అంది లక్ష్మీదేవమ్మ వెంటనే, అడకత్తెర పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేయి ఆనించి లేస్తూ. "ఆ కాల్ గీల్ పక్కన పెట్టి అటక మీద ఉలవల డబ్బా దించు. దేవరాజూ, కట్టెలు తేపో."

ప్రమోద మెట్లు దిగింది. పెరట్లో ఎండ నిలువుగా ఉంది. తోట దారిలో నాలుగు అడుగులు వేసిందో లేదో, వెనకనుంచి దేవరాజ్ గొంతు వినిపించింది. కసరలేదు. ఇల్లాలి ముచ్చట తీరుస్తున్న మొగుడి గొంతు. తమ్ముడి ముందు, తమ్ముడి భార్య ముందు, పెద్దమనసు చూపిస్తున్న గొంతు.

"సరేలే, పోయిరా. ఎంతసేపు, మూడు దినాలే కదా!"

ప్రమోద ఆగింది. వెనక్కి తిరిగి, అరుగు మీద వరుసగా నిలబడిన అందరినీ చూసింది.

"మూడు దినాలనేది ఆచారం పెట్టిన లెక్కప్పా," అంది. "దాన్ని తీసేసినామని ఇప్పుడే కదా రామాంజినప్పకు చెప్పినావు."